బ్రోకెన్ హిల్ ప్రయాణం: పిల్లలతో, పెద్దవాళ్లతో అవుట్‌బ్యాక్ ఊరు చూసి రావడానికి సమగ్ర మార్గదర్శి

ఆస్ట్రేలియాలో స్థిరపడిన మన కుటుంబాల సెలవులు చాలావరకు సముద్ర తీరం వెంబడే గడిచిపోతాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా అదే వరస: ఓపెరా హౌస్, గ్రేట్ ఓషన్ రోడ్, గోల్డ్ కోస్ట్. దేశం లోపలి భాగం, అంటే అవుట్‌బ్యాక్, చూద్దామని ఎవరైనా అంటే వెంటనే ఎడారి మధ్యలోని ఉలూరు ఎర్రకొండ గుర్తొస్తుంది, టికెట్ల ధర చూసి ఆ మాట అక్కడితో ఆగిపోతుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పే ఊరు బ్రోకెన్ హిల్. న్యూ సౌత్ వేల్స్ పశ్చిమ అంచున, ఎర్ర నేలల మధ్య ఉన్న గనుల పట్టణం ఇది. అడిలైడ్, మెల్‌బోర్న్, సిడ్నీ మూడింటి నుంచీ తారు రోడ్డు మీదే వెళ్లవచ్చు, ఫోర్ వీల్ డ్రైవ్ అక్కర్లేదు. ఊళ్లో ఆసుపత్రి, మందుల షాపులు, కోల్స్, వూల్‌వర్త్స్ సూపర్‌మార్కెట్లు ఉన్నాయి. ఊరు దాటి పావుగంట కారు నడిపితే చాలు, కనుచూపు మేర మనిషి జాడ ఉండదు. పెద్దవాళ్లను, చిన్నపిల్లలను వెంటబెట్టుకుని ఎడారి చూపించాలంటే ఇంతకన్నా వీలైన చోటు నాకు తెలియదు.

ఈ ప్రయాణంలో ముందు ప్లాన్ చేయాల్సింది చూసే చోట్లను కాదు, దూరాన్ని. ఏ రోజు ఎంత దూరం నడుపుతారు, చీకటి పడే లోపు ఎక్కడ ఆగుతారు అన్నవి తేలితే మిగతావన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.

మొదటి అడుగు: ఏ నెలలో వెళ్లాలి

ఏప్రిల్, మే నెలలు బాగుంటాయి. ఆగస్టు, సెప్టెంబరు కూడా మంచివే. జూన్, జూలైలలో పగలు హాయిగా ఉంటుంది కానీ రాత్రి చలి గట్టిగా ఉంటుంది, ఉష్ణోగ్రత ఒక్కోసారి సున్నా దగ్గరికి పడిపోతుంది. విజయవాడ నుంచో రాజమండ్రి నుంచో వచ్చిన పెద్దవాళ్లకు అది ఇబ్బందే. స్వెటర్లు, మంకీ క్యాప్, మేజోళ్లు సర్దుకోవాల్సిందే.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లవద్దు. 'మేము రెంటచింతల ఎండలు చూసినవాళ్లం, ఇదో లెక్కా' అని నాన్నగారు అనొచ్చు. ఇక్కడి ఎండ తీరు వేరు. గాలిలో తేమ ఉండదు కాబట్టి చెమట పట్టినట్టే తెలియదు, ఒంట్లో నీరు తగ్గిపోతున్నదీ తెలియదు. 40 డిగ్రీలు దాటే రోజులు అరుదు కాదు. బీపీకి, షుగర్‌కు మందులు వాడేవాళ్లకు ఇది మరీ ప్రమాదం.

తేదీలు ఖాయం చేసే ముందు ఊళ్లో పండగలు ఉన్నాయేమో చూడండి. మార్చిలో సెయింట్ ప్యాట్రిక్స్ గుర్రప్పందాలు, ఆగస్టులో మండి మండి బాష్ సంగీతోత్సవం, సెప్టెంబరులో బ్రోకెన్ హీల్ పండగ జరుగుతాయి. ఆ రోజుల్లో గది దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. స్కూలు సెలవుల్లో వెళ్లేవాళ్లు కనీసం రెండు మూడు నెలల ముందే గది బుక్ చేసుకోవాలి.

రెండో అడుగు: దారి, మధ్యలో ఆగే ఊళ్లు

అడిలైడ్ వాళ్లకు ఇది దగ్గర, సుమారు 515 కి.మీ. దాదాపు హైదరాబాద్ నుంచి తిరుపతికి ఉన్నంత దూరం. కాకపోతే మన దారిలో పది నిమిషాలకో టీ కొట్టు కనిపిస్తుంది, ఇక్కడ ఒక బంకుకూ ఇంకో బంకుకూ మధ్య గంటకు పైగా పడుతుంది. బర్రా మీదుగా బ్యారియర్ హైవే ఎక్కుతారు. బర్రా 1845లో రాగి గనులతో పుట్టిన ఊరు, రాతి ఇళ్లతో చూడముచ్చటగా ఉంటుంది. టిఫిన్‌కు అక్కడ ఆగండి. తర్వాత యుంటాలో ఆగి పెట్రోలు నింపుకోండి. అక్కడి నుంచి బ్రోకెన్ హిల్ ఇంకా 200 కి.మీ. ఉంటుంది. పొద్దున్న 7 గంటలకు బయలుదేరితే అన్నిచోట్లా ఆగుతూ వెళ్లినా మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో చేరిపోతారు.

మెల్‌బోర్న్ నుంచి సుమారు 840 కి.మీ. ఒక్క రోజులో వెళ్లే ఆలోచన చేయకండి. మిల్‌డ్యూరాలో ఒక రాత్రి పడుకుని, మర్నాడు మిగిలిన 300 కి.మీ. సిల్వర్ సిటీ హైవే మీద వెళ్లండి. మిల్‌డ్యూరా దాటిన కాసేపటికే వెంట్‌వర్త్ వస్తుంది. ఆస్ట్రేలియాలోని రెండు పెద్ద నదులు ముర్రే, డార్లింగ్ కలిసేది అక్కడే. సంగమం అంటే మన పెద్దవాళ్లు తప్పకుండా దిగుతారు, కాళ్లు కడుక్కుంటామంటారు. వాళ్ల కోసం ఓ అరగంట ఎక్కువ పెట్టుకోండి. పెట్రోలు కూడా ఇక్కడే నిండుగా కొట్టించండి.

సిడ్నీ నుంచి సుమారు 1,150 కి.మీ. పిల్లలు ఉంటే దారిలో రెండు రాత్రులు ఆగాలి. మొదటి రాత్రి డబ్బోలో ఉండండి. సిడ్నీ నుంచి సుమారు 400 కి.మీ. వస్తుంది, పిల్లలకు టరోంగా వెస్టర్న్ ప్లెయిన్స్ జూ చూపించొచ్చు. రెండో రాత్రి కోబార్‌లో. కోబార్ తర్వాత అసలైన ఖాళీ రోడ్డు మొదలవుతుంది. విల్కానియాకు 260 కి.మీ., అక్కడి నుంచి బ్రోకెన్ హిల్‌కు మరో 195 కి.మీ. కోబార్‌లో ట్యాంకు నింపకుండా బయలుదేరవద్దు. 'సగం ఉందిలే' అనే లెక్క ఈ రోడ్డు మీద పనికిరాదు.

అంత దూరం నడపలేమనుకుంటే సిడ్నీ నుంచి ఔట్‌బ్యాక్ ఎక్స్‌ప్లోరర్ రైలుంది. వారానికి ఒక్కటే, సోమవారం పొద్దున్నే బయలుదేరి రాత్రికి చేరుస్తుంది, మర్నాడు మంగళవారం తిరిగి వెళ్తుంది. అంటే రెండు వైపులా రైల్లోనే అనుకుంటే ఊళ్లో ఒక్క రాత్రి ఉండాలి, లేదా వారం పైన ఉండాలి. ఒక వైపు రైలు, ఇంకో వైపు విమానం పెట్టుకోవడం మేలు. విమానాలు చిన్నవి, సామాను పరిమితి తక్కువ. ఎలా వెళ్లినా ఊళ్లో తిరగడానికి కారు కావాలి. అద్దె కార్లు కొద్దిగానే ఉంటాయి, కాబట్టి టికెట్టు కొనే ముందే కారు దొరుకుతుందో లేదో చూసుకోండి.

మూడో అడుగు: బస

ఊళ్లో నాలుగు రాత్రులైనా ఉండండి. రెండు రాత్రులతో సరిపెట్టుకుంటే చూసిన దానికన్నా కారులో కూర్చున్నదే ఎక్కువవుతుంది.

మోటెల్ గది కన్నా క్యారవాన్ పార్కులో వంటగది ఉన్న క్యాబిన్, లేదా అద్దెకిచ్చే పాత గని కార్మికుల ఇల్లు మంచిది. కారణం తాలింపు. మోటెల్ గదుల్లో స్మోక్ అలారం మంచానికి సరిగ్గా పైన కప్పుకే ఉంటుంది. ఎండుమిర్చి, ఆవాలు నూనెలో వేసిన నిమిషానికి అది మొదలెడుతుంది. కొన్ని చోట్ల అలారం నేరుగా ఫైర్ స్టేషన్‌కు కలిపి ఉంటుంది. ఉత్తి పోపు పొగకు ఫైరింజను వస్తే ఆ ఖర్చు మీ చేత కట్టిస్తారు. క్యాబిన్‌లో కూడా కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశాకే పోపు పెట్టండి. ఇంకా మంచి ఉపాయం, తాలింపు గింజలను ఇంట్లోనే వేయించి ఒక సీసాలో వేసుకెళ్లడం.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే గుమ్మం ముందు మెట్లు ఎన్ని, బాత్రూంలో పట్టుకునే కడ్డీ ఉందా అని ఫోన్ చేసి అడగండి. ఫొటోల్లో అవి తెలియవు.

నాలుగో అడుగు: కారు, సామాను

బయలుదేరే ముందు వారమే టైర్లు, స్పేర్ టైరు, బ్యాటరీ, కూలెంట్ చూపించండి. స్పేర్ టైరులో గాలి ఉందో లేదో చాలామంది చూడరు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకున్నవాళ్లు మీ ప్యాకేజీలో మారుమూల ప్రాంతాలకు ఎంత దూరం దాకా టోయింగ్ ఇస్తారో కనుక్కోండి. నగరం కోసం తీసుకున్న చవక ప్యాకేజీ ఇక్కడ సరిపోదు. అద్దె కారైతే ఒప్పందంలో మట్టి రోడ్ల గురించి ఏం రాశారో చదవండి. మామూలు కార్లను మట్టి రోడ్ల మీద నడిపితే చాలా కంపెనీల బీమా చెల్లదు.

ఒళ్లో పిల్లలను కూర్చోబెట్టుకోవడం ఇక్కడ నేరం. 7 ఏళ్ల లోపు పిల్లలందరికీ వయసుకు తగిన సీటు ఉండాల్సిందే. 'ఒక్క పది నిమిషాలు నా దగ్గర పడుకోనివ్వండి' అని బామ్మ ఎంత బతిమాలినా ఒప్పుకోకండి.

నీళ్లు మనిషికి రోజుకు 4, 5 లీటర్ల లెక్కన పెట్టుకోండి. అది కాక విడిగా ఒక 10 లీటర్ల క్యాన్ డిక్కీలో ఉంచండి. కారు ఆగిపోతే ఆ క్యానే ఆధారం. ఇంకో సంగతి, దారిలోని విశ్రాంతి స్థలాల్లో మరుగుదొడ్లు ఉంటాయి కానీ చాలా వాటిలో నీళ్లుండవు, చేతులు కడుక్కునే కుళాయి కూడా ఉండదు. ఒక మగ్గు, నీళ్ల సీసా, టిష్యూలు, సబ్బు ఒక సంచిలో వేసి చేతికి అందేలా పెట్టుకోండి. అమ్మగారు మిమ్మల్ని దీవిస్తారు.

ఊళ్ల మధ్య చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు. ఉన్నవాటిలో టెల్‌స్ట్రా కవరేజీ మెరుగు, కాబట్టి ఒక ఫోన్‌లోనైనా ఆ సిమ్ ఉంటే మంచిది. మ్యాప్‌లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఆపదలో 000కు ఫోన్ చేస్తే మీ నెట్‌వర్క్ లేకపోయినా దగ్గర్లో ఏ నెట్‌వర్క్ ఉంటే దాని ద్వారా వెళ్తుంది. ఏ నెట్‌వర్కూ లేని చోట అదీ పని చేయదు. అందుకే ఎప్పటికి చేరతారో ఇంట్లో ఒకరికి చెప్పి బయలుదేరండి, చేరగానే మెసేజ్ పెట్టండి.

ఈగలు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ వెచ్చటి రోజుల్లో కళ్లలో, ముక్కులో, నోట్లో దూరతాయి. టోపీ మీద నుంచి వేసుకునే వల ఇంటికి ఒకటి కాదు, మనిషికి ఒకటి కొనండి. ఫొటోలో బాగుండదని మొదట వద్దన్నవాళ్లే తర్వాత అడుగుతారు.

ఐదో అడుగు: తిండి

శాకాహారులకు దారిలో దొరికేవి చిప్స్, టోస్ట్, చీజ్ శాండ్‌విచ్. పబ్బుల్లో వెజ్ పిజ్జా, సలాడ్ ఉండొచ్చు. బ్రోకెన్ హిల్‌కే సొంతమైన వంటకం ఒకటుంది, చీజ్ స్లా అంటారు. తురిమిన చీజ్, క్యారెట్, మయోనీస్ కలిపి బ్రెడ్ మధ్య పెట్టుకుంటారు. మయోనీస్‌లో గుడ్డు ఉంటుంది, చూసుకోండి. పిల్లలకు నచ్చుతుంది. నాకైతే అందులో కాస్త పచ్చిమిర్చి పడితే బాగుండు అనిపిస్తుంది. చిన్న ఊళ్లలో రాత్రి 8 దాటాక చాలా కిచెన్లు మూసేస్తారు, ఆది సోమవారాల్లో కొన్ని అసలు తెరవరు.

కాబట్టి మొదటి రోజుకు పులిహోర, చపాతీలు. పెరుగన్నం ఎస్కీలో (చల్లదనం నిలిపే పెట్టెలో) ఐస్ మధ్య పెట్టాలి, ఎండలో కారులో ఉంచితే పులిసిపోతుంది. ఆ తర్వాతి రోజులకు చిన్న రైస్ కుక్కర్, బియ్యం, కందిపప్పు, ఉప్మా రవ్వ, అటుకులు, కందిపొడి, ఆవకాయ. పచ్చడి గాజు సీసాలో కాకుండా ప్లాస్టిక్ డబ్బాలో పోసి రెండు కవర్లు చుట్టండి, అద్దె కారు సీటు మీద ఆవకాయ నూనె మరక పోదు. కూరగాయలు, పాలు, పెరుగు ఊళ్లోనే దొరుకుతాయి. పండ్లు, కూరగాయలు ఎక్కువ కొనకండి, దాని సంగతి చివర్లో చెప్తాను.

ఆరో అడుగు: రోడ్డు మీద

సూర్యోదయం తర్వాత బయలుదేరి, సూర్యాస్తమయానికి గంట ముందే ఆగండి. కంగారూలు మేతకు రోడ్డు పక్కకు వచ్చేది సంధ్య వేళల్లోనే. జూలైలో బ్రోకెన్ హిల్‌లో సాయంత్రం 5:30 లోపే సూర్యుడు అస్తమిస్తాడు. 'ఇంకా ఆరున్నరే కదా' అనుకుంటే అప్పటికే చిమ్మచీకటి.

కంగారూ అడ్డం వస్తే గట్టిగా బ్రేకు వేయండి, స్టీరింగ్ మాత్రం తిప్పకండి. 110 కి.మీ. వేగంలో స్టీరింగ్ తిప్పితే కారు బోల్తా పడుతుంది. ఈమూలు పగలే తిరుగుతాయి. ఒకటి రోడ్డు దాటిందంటే వెనక ఇంకా ఉన్నాయని అర్థం. అడవి మేకల మందలు కూడా రోడ్డు పక్కన మేస్తుంటాయి. వాటిని చూసి పిల్లలు సంబరపడతారు, మీరు మాత్రం వేగం తగ్గించండి.

రోడ్ ట్రైన్లంటే రెండు మూడు ట్రెయిలర్లు తగిలించిన లారీలు. రెండు ట్రెయిలర్లవి 36.5 మీటర్ల దాకా, మూడు ట్రెయిలర్లవి 53.5 మీటర్ల దాకా పొడవుంటాయి. వాటిని దాటాలంటే ఎదుర కిలోమీటరుకు పైగా ఖాళీ రోడ్డు కనిపించాలి. కనిపించకపోతే వెనకే వెళ్లండి, లేదా ఎక్కడైనా ఆపి టీ తాగండి. ఎదురుగా వస్తున్నప్పుడు గాలి కారును ఒక్కసారి తోసినట్టవుతుంది, స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోండి.

ప్రతి రెండు గంటలకూ ఆగండి. ఇద్దరు డ్రైవర్లు ఉంటే మారండి. ఎదురుగా వచ్చే డ్రైవరు స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తి పలకరిస్తాడు, మీరూ ఎత్తండి. ఇక్కడ అదే మర్యాద.

కారు చెడిపోతే మాత్రం దాన్ని వదిలి నడిచి వెళ్లకండి. వెతికేవాళ్లకు మనిషి కన్నా కారే ముందు కనిపిస్తుంది.

ఏడో అడుగు: ఊళ్లో నాలుగు రోజులు

చేరగానే గడియారం సరిచేసుకోండి. ఈ ఊరు ఉన్నది న్యూ సౌత్ వేల్స్‌లోనే అయినా పాటించేది అడిలైడ్ సమయం, సిడ్నీ కన్నా అరగంట వెనక. రైల్వే, వ్యాపారం అన్నీ మొదటి నుంచీ దగ్గరగా ఉన్న దక్షిణ ఆస్ట్రేలియాతోనే ముడిపడ్డాయి. ఫోన్ దానంతట అదే మారినా చేతి వాచీ మారదు కదా. టూర్ల సమయాలన్నీ స్థానిక సమయంలోనే ఉంటాయి.

మొదటి రోజు పెద్దగా ఏమీ పెట్టుకోకండి. ఊరి నడిబొడ్డున కొండలా కనిపించేది గనుల్లోంచి తవ్వి పోసిన రాతి గుట్ట. కారులోనే పైదాకా వెళ్లొచ్చు. 1883లో మౌంట్ గిప్స్ గొర్రెల ఫారంలో కంచెలు చూసుకునే చార్ల్స్ రాస్ప్ అనే ఉద్యోగి ఇక్కడి నల్లరాతిని తగరం అనుకుని హక్కు నమోదు చేసుకున్నాడు. తీరా చూస్తే అది వెండి, సీసం, జింకు. నేల కింద సుమారు 7 కి.మీ. పొడవున, బూమరాంగ్ ఆకారంలో ఉన్న ఖనిజ నిక్షేపం. 1885లో పుట్టిన బ్రోకెన్ హిల్ ప్రొప్రైటరీ కంపెనీయే ఇప్పుడు ప్రపంచానికి తెలిసిన గనుల కంపెనీ బీహెచ్‌పీ. ఆ కంపెనీ 1939లోనే ఊరు విడిచి వెళ్లిపోయింది, ఊరు మాత్రం ఉంది.

గుట్ట మీద గని కార్మికుల స్మారకం ఉంది. పనిలో చనిపోయిన 800 మందికి పైగా పేర్లు, పక్కనే ఎలా చనిపోయారో రెండు మూడు మాటల్లో రాసి ఉంటుంది. రాయి పడి, పేలుడులో, సీసం విషంతో. సింగరేణిలో ఇంటి మనిషి పనిచేసిన కుటుంబాల వాళ్లు అక్కడ ఎక్కువసేపు నిలబడిపోతారు. 1919, 1920లలో ఏడాదిన్నర సాగిన సమ్మెతో వారానికి 35 గంటల పని సాధించింది ఈ ఊరి కార్మికులే. పిల్లలకు ఈ కథ గుట్ట మీదే చెప్పండి, కింద ఊరంతా కనిపిస్తూ ఉంటుంది.

దిగి వచ్చి ఆర్జెంట్ స్ట్రీట్‌లో నడవండి. ఆర్జెంట్ అంటే వెండి. మిగతా వీధులు ఆక్సైడ్, క్లోరైడ్, సల్ఫైడ్, బ్రోమైడ్, కోబాల్ట్. పదో తరగతి కెమిస్ట్రీ చదివే పిల్లలుంటే ఊరంతా రివిజనే. 1889లో కట్టిన ప్యాలెస్ హోటల్ చూడండి. మద్యం మానిపించాలని కాఫీ హోటల్‌గా మొదలుపెట్టారు, కాఫీతో గిట్టుబాటు కాక కొన్నేళ్లకే పబ్ అయింది. లోపల గోడల నిండా బొమ్మలు. 2015లో ఈ ఊరు మొత్తాన్నీ ఆస్ట్రేలియా జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు, అలా చేరిన మొదటి నగరం ఇదే.

రెండో రోజు సిల్వర్‌టన్. 25 కి.మీ. తారు రోడ్డు. బ్రోకెన్ హిల్ కన్నా ముందు వెండితో వెలిగిన ఊరు, ఇప్పుడు కొద్దిమందే ఉంటారు. రోడ్ల మీద గాడిదలు తిరుగుతుంటాయి. వాటికి కారు కిటికీలోంచి చపాతీ ముక్కలు పెట్టకండి, తల లోపల పెట్టి బయటికి తీయవు. పాత జైలు మ్యూజియం బాగుంటుంది. మ్యాడ్ మ్యాక్స్ 2 సినిమా తీసింది ఈ చుట్టుపక్కలే, దాని మీద ఒక మ్యూజియం కూడా ఉంది. ఆ సినిమా చూడని పెద్దవాళ్లకు అందులో ఏమీ లేదు, వాళ్లను హోటల్ వరండాలో కూర్చోబెట్టి మీరు వెళ్లి రండి.

దారిలోనే డేడ్రీమ్ గని ఉంది. 1880ల నాటి వెండి గనిలోకి తీసుకెళ్తారు. మట్టి రోడ్డు మీద కొంత దూరం వెళ్లాలి. తలకు హెల్మెట్, కాలికి మూసి ఉన్న బూట్లు తప్పనిసరి. లోపల పైకప్పు తక్కువ, మెట్లు నిటారు. మోకాళ్ల నొప్పులు, ఇరుకు చోట్లంటే భయం ఉన్నవాళ్లు వద్దు, వాళ్లు పైన కూర్చుని టీ, స్కోన్లు (చిన్న బన్నుల్లాంటివి) తీసుకోవచ్చు. పిల్లలకు వయోపరిమితి సంగతి ముందే అడగండి. అప్పట్లో ఎనిమిదేళ్ల పిల్లలు కూడా గనుల్లో పనిచేసేవారని గైడ్లు చెబుతుంటే మన పిల్లలు నోరు తెరుచుకుని వింటారు.

సిల్వర్‌టన్ దాటి కొద్ది దూరంలో మండి మండి లుకౌట్. ఎదురుగా అంతులేని మైదానం. సూర్యాస్తమయానికి అందరూ ఇక్కడికే వస్తారు, కానీ తిరిగి వచ్చేది చీకట్లో కంగారూల మధ్య అని మరవకండి. చిన్నపిల్లలుంటే మధ్యాహ్నమే చూసి వచ్చేయడం నయం. సూర్యాస్తమయానికి వేరే చోటు ఉంది.

ఆ చోటు లివింగ్ డెజర్ట్, ఊరికి పది పన్నెండు కి.మీ. మూడో రోజు సాయంత్రం పెట్టుకోండి. 1993లో వివిధ దేశాల శిల్పులు వచ్చి ఒక గుట్ట మీద చెక్కిన 12 ఇసుకరాతి శిల్పాలు. పెద్దవాళ్లను కారులో దాదాపు పైదాకా తీసుకెళ్లొచ్చు, నడవగలిగినవాళ్లు కింది నుంచి ఎక్కొచ్చు. గేటు మూసే సమయం బోర్డు మీద చూసుకోండి.

మూడో రోజు పొద్దున్నే మాత్రం విమానాశ్రయంలోని రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ కేంద్రానికి వెళ్లండి. 1928లో జాన్ ఫ్లిన్ క్వీన్స్‌లాండ్‌లోని క్లాన్‌కరీలో మొదలుపెట్టిన సేవ ఇది. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫారాలకు విమానంలో వైద్యుణ్ని పంపుతారు. ఫ్లిన్ బొమ్మ 20 డాలర్ల నోటు మీద ఉంటుంది, పిల్లల చేతికి నోటిచ్చి చూడమనండి. 108 అంబులెన్సుకే అలవాటుపడిన మన పెద్దవాళ్లకు ఇది నచ్చినంతగా ఈ ఊళ్లో ఇంకేదీ నచ్చదని నా అంచనా.

ఆ తర్వాత సమయాన్ని బట్టి ఖనిజాల మ్యూజియం జియోసెంటర్, 1904లో మొదలైన ప్రాంతీయ ఆర్ట్ గ్యాలరీ, చిత్రకారుడు ప్రో హార్ట్ గ్యాలరీ. మూడూ ఒకే పూట కుక్కకండి, పిల్లలు విసిగిపోతారు. ప్యాటన్ స్ట్రీట్‌లో 1950ల అలంకరణతో ఉన్న బెల్స్ మిల్క్ బార్‌లో మిల్క్‌షేక్ తాగిస్తే మళ్లీ దారిలోకి వస్తారు.

ఊరి ఉత్తరాన రేకులతో కట్టిన చిన్న మసీదు ఉంది. 19వ శతాబ్దం చివర్లో ఒంటెల బిడారులు నడిపినవాళ్లు కట్టుకున్నది. అందరినీ అఫ్గాన్లు అనేవారు కానీ వాళ్లలో చాలామంది అప్పటి అవిభక్త భారతదేశం నుంచి వచ్చినవారే. రైళ్లు రాకముందు ఈ ఎడారిలో సరుకు మోసింది వాళ్లే. తెరిచి ఉండే వేళలు తక్కువ, కనుక్కుని వెళ్లండి. గనులకు ముందు నుంచీ ఈ నేల విల్యకాలి ఆదివాసులది, వాళ్లు ఇప్పటికీ ఇక్కడే ఉన్నారు.

నాలుగో రోజు రెండు దారులు. మెనిండీ సుమారు 110 కి.మీ., తారు రోడ్డు. సరస్సుల్లో నీళ్లు ఏడాదిని బట్టి ఉంటాయి, వెళ్లే ముందు కనుక్కోండి. పక్కనే ఉన్న కించెగా జాతీయ ఉద్యానంలో 60 లక్షల గొర్రెలకు ఉన్ని కత్తిరించిన పాత షెడ్డు ఉంది. రెండోది ముటవింట్జీ, సుమారు 130 కి.మీ., ఆదివాసుల రాతి చిత్రాలు ఉన్న చోటు. 1998లో సంప్రదాయ హక్కుదారులకు తిరిగి అప్పగించారు. ముఖ్యమైన చిత్రాలను గైడుతోనే చూడాలి. దారిలో మట్టి రోడ్డు ఉంది. వాన పడితే ఇక్కడి మట్టి జిగురులా మారుతుంది, రోడ్లు మూసేస్తారు, మూసిన రోడ్డు మీద వెళ్తే భారీ జరిమానా. నా సలహా: పెద్దవాళ్లు అలసిపోయి ఉంటే రెండూ మానేసి క్యాబిన్‌లో పప్పన్నం తిని పడుకోండి.

రాత్రి మాత్రం ఒకసారి ఊరి వెలుగులు దాటి కారాపి ఆకాశం చూడండి. ధ్రువ నక్షత్రం ఇక్కడ కనిపించదు. ఆగస్టు సాయంత్రాల్లో వృశ్చిక రాశి దాదాపు నడినెత్తిన ఉంటుంది, ఎర్రగా మెరిసేది జ్యేష్ఠ.

ఎనిమిదో అడుగు: పిల్లల చేతులు

దీన్ని టూరిస్టు బ్రోచర్లు పెద్దగా చెప్పవు. ఇది సీసం గనుల ఊరు, మట్టిలో, దుమ్ములో సీసం ఉంటుంది. చిన్నపిల్లల రక్తంలో సీసం ఎంత ఉందో ఇక్కడ క్రమం తప్పకుండా పరీక్షిస్తారు. నాలుగు రోజులకు వచ్చిన మనకు టెన్షన్ అక్కర్లేదు, కానీ పాకే వయసు పిల్లలుంటే జాగ్రత్త. ఆడుకుని వచ్చాక, అన్నానికి ముందు చేతులు సబ్బుతో కడగండి. చెప్పులు గుమ్మం బయటే విప్పండి, అది మనకు అలవాటే. గుట్టల దగ్గర రాళ్లు ఏరి జేబుల్లో వేసుకోనివ్వకండి. 1930లలో ఆల్బర్ట్ మోరిస్ అనే గని ఉద్యోగి ఊరి చుట్టూ కంచె వేయించి మొక్కలు పెంచకముందు ఈ దుమ్ము ఇంకా ఘోరంగా ఉండేది. ఆ పచ్చటి వలయం ఇప్పటికీ ఉంది.

తొమ్మిదో అడుగు: తిరుగు ప్రయాణం

అడిలైడ్ వైపు వెళ్లేవాళ్లు ముందు రోజే ఫ్రిజ్ ఖాళీ చేయండి. పండ్ల ఈగ రాకుండా దక్షిణ ఆస్ట్రేలియా తాజా పండ్లను, టమాటా, మిరపకాయల్లాంటి వాటిని లోపలికి రానివ్వదు. బ్యారియర్ హైవే మీద ఊడ్లా విరా దగ్గర తనిఖీ కేంద్రం ఉంది. అడిలైడ్‌లోనే కొన్న పండైనా సరే, తిరిగి తెస్తుంటే ఒప్పుకోరు. 'సంచిలో నాలుగు పచ్చిమిర్చే కదా' అనుకుని చెప్పకపోతే జరిమానా పడుతుంది. మిగిలిన టమాటాలతో రాత్రే పచ్చడి చేసేయండి, పండ్లు పొద్దున్న బయలుదేరే ముందు తినేయండి. కరివేపాకు సంగతి అనుమానంగా ఉంటే దాచకుండా అధికారికి చూపించి అడగండి, తీసుకుంటే తీసుకుంటారు.

మెల్‌బోర్న్, సిడ్నీ వాళ్లు వచ్చిన దారినే, అదే ఊళ్లలో ఆగుతూ వెళ్లండి. వచ్చేటప్పుడు బాగానే నడిపాం కదా అని తిరుగు ప్రయాణంలో ఒక రాత్రి తగ్గించుకోవాలనిపిస్తుంది. తగ్గించుకోకండి. సోమవారం ఆఫీసు ఉందనుకుంటే ఆ సోమవారానికీ సెలవు పెట్టండి. అద్దె కారైతే అప్పగించే ముందు అద్దం మీద రాళ్ల దెబ్బలున్నాయేమో పగటి వెలుగులో చూసి, ఫొటోలు తీసుకుని, లోపల ఎర్ర దుమ్ము దులిపించి ఇవ్వండి.